గోగునార నుంచి క్రికెట్ జట్టు దాకా

మా ఏ.ఎస్. రావు నగర్ నుంచి ఉప్పల్ స్టేడియం ఎంతో దూరం కాదు. 2008 ఏప్రిల్ 22వ తేదీ సాయంత్రం నాన్నగారిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. హైదరాబాదులో జరిగిన మొట్టమొదటి ఐ.పి.ఎల్. పోటీ అది. ఒకవైపు దక్కన్ చార్జర్స్, రెండోవైపు ఢిల్లీ డేర్‌డెవిల్స్. మన జట్టు కిందామీదా పడి 20 ఓవర్లలో 142 పరుగులు చేసింది. ఆ తరువాత వీరేంద్ర సెహ్వాగ్ వచ్చి 41 బంతుల్లో 94 పరుగులు కొట్టి, అజేయంగా నిలిచి, 13 ఓవర్లకే ఆట ముగించాడు. జనం ఎవరి పక్షాన కేకలు వెయ్యాలో తేల్చుకునేలోగానే దీపాలు ఆర్పే వేళయింది.

బయటికి వస్తుండగా నాన్నగారు అడిగారు.

"ఆ ఢిల్లీ జట్టు ఎవరిదిరా?"

"జి.ఎం.ఆర్. వాళ్లది నాన్నగారూ. రాజాం ఆయన. మొన్న శంషాబాదు విమానాశ్రయం తెరిచారే, వాళ్లే."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఓడిందీ మనవాళ్లే, గెలిచిందీ మనవాళ్లే. మరి మనం బాధపడాలా, సంతోషించాలా?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న వ్యాపారి ఇంట పుట్టిన మనిషి దేశ రాజధాని పేరున్న క్రికెట్ జట్టుకు యజమాని కావడమెలాగ? యజమాని కావడమంటే అసలు ఏమిటి? జట్టు డబ్బు కట్టినవాడిదా, అరిచినవాడిదా? ఈ వ్యాసం ఆ ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

* * *

ముందు ఊరి గురించి చెప్పాలి. రాజాం పేరు వినగానే చరిత్ర తెలిసినవారికి గుర్తొచ్చేది తాండ్ర పాపారాయుడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమైన రోజున పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. వార్త తెలిసి, విజయనగరం ప్రభువు విజయరామరాజు గుడారంలోకి దూరి పగ తీర్చుకున్నాడు. పరాభవాన్ని జీర్ణించుకోలేని ఊరని రాజాంకు ఒక పేరు. ఆ ఊరు 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి, జిల్లాల విభజనతో విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పాపారాయుడు ఉంటే ఏమనేవాడో!

గ్రంధి మల్లికార్జునరావు గారు 1950 జూలై 14న ఆ రాజాంలోనే ఒక వైశ్య కుటుంబంలో పుట్టారు. ఆ ప్రాంతపు వాణిజ్య పంట గోగునార. వానకాలం చివర చెరువుల్లో, గుంటల్లో గోగుకట్టలు నానేసి, నార ఒలిచి, ఆరబెట్టి రైతులు సంతకు తెస్తే, కొని మిల్లులకు పంపేది వైశ్యులు. చిట్టివలస, నెల్లిమర్ల జనపనార మిల్లుల పొగగొట్టాలు ఉత్తరాంధ్ర వాళ్లకు సుపరిచితాలు. అంటే ఆ ఊళ్లో పుట్టిన పిల్లవాడికి నార, గోనె సంచి, మిల్లు అనే మాటలు ఊహ తెలిసినప్పటినుంచీ చెవినబడుతూనే ఉంటాయి.

ఆయన మాత్రం చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, రాజమండ్రి పేపరు మిల్లులో షిఫ్టు ఇంజనీరుగా, ఆ తరువాత ప్రభుత్వ పనుల శాఖలో జూనియర్ ఇంజనీరుగా పనిచేశారు. ఆ రోజుల్లో ప్రభుత్వోద్యోగమంటే ఎంతటిదో నాకు తెలుసు. మా ఇంట్లో కూడా అదే. నాన్నగారు ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగి. నెల మొదటి తేదీన జీతం, ఇంటి స్థలానికి సొసైటీ, పిల్లలకు స్కూలు. ఇంతకన్నా కోరుకోవలసిందేమిటని ఆయన తరం నమ్మింది. రాజాం యువకుడు ఆ భద్రతను వదులుకుని ఊరికి తిరిగివెళ్లి కుటుంబ వ్యాపారంలో చేరాడు. 1978లో ఒక జనపనార మిల్లు పెట్టాడు. నేటి జి.ఎం.ఆర్. సంస్థ తన పుట్టుకను లెక్కించుకునేది ఆ మిల్లుతోనే.

గోనె సంచి వ్యాపారం పైకి కనిపించినంత చిన్నది కాదు. ధాన్యం, పంచదార నింపడానికి ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు. 1987లో కేంద్రం చట్టమే చేసింది, ఇలాంటి సరుకులను జనపనార సంచుల్లోనే నింపాలని. ప్రభుత్వ విధానం ఎటు వంగుతుందో చూసి పెట్టుబడి పెట్టడమనే విద్య అక్కడే అబ్బి ఉంటుందని నా ఊహ. ఆ తరువాత ఆయన చేపట్టిన పెద్ద వ్యాపారాలన్నిటిలోనూ, విద్యుత్తులో, రహదారుల్లో, విమానాశ్రయాల్లో, ఎదుటి పక్షం సర్కారే.

* * *

జనపనారతో మొదలై ఆ తరువాత ఆయన చెయ్యని వ్యాపారం లేదు. ఫెర్రో ఎల్లాయ్స్, పంచదార, బీరు, బ్యాంకు. ఇందులో బ్యాంకు కథ ముఖ్యం. 1930లో బెంగళూరులో పుట్టిన వైశ్యా బ్యాంకులో ఆయన 1980లలోనే వాటాలు కొనడం మొదలుపెట్టి, క్రమంగా అందులో అతిపెద్ద వాటాదారులలో ఒకరయ్యారు. 2002లో డచ్చి సంస్థ ఐ.ఎన్.జి. రంగంలోకి వచ్చినప్పుడు తన వాటా అమ్మేశారు. వచ్చిన సొమ్ము సుమారు 340 కోట్ల రూపాయలు. బీరు ఫ్యాక్టరీని విజయ్ మాల్యా గారి యు.బి. సంస్థకు అమ్మారు. సంకిలి పంచదార మిల్లు కూడా 2010లో చేతులు మారి చెన్నైకి చెందిన ప్యారీ కంపెనీకి పోయింది.

ఈ అమ్మకాలను నేను మొదట వేరేగా అర్థం చేసుకున్నాను. కష్టపడి కట్టుకున్నదాన్ని అమ్ముకోవడం ఓటమి కదా అనుకునేవాణ్ణి. మా ఇళ్లల్లో పొలం అమ్మినా, ఇల్లు అమ్మినా నలుగురికీ తెలియకుండా అమ్ముతారు. ఈయన మాత్రం అమ్మిన ప్రతిసారీ ఇంకొక పెద్దదాన్ని కొన్నారు. 1991 తరువాత విద్యుదుత్పత్తిలోకి ప్రయివేటు సంస్థలను రానిచ్చినప్పుడు చెన్నైలోని బేసిన్ బ్రిడ్జి వద్ద 200 మెగావాట్ల కేంద్రం నిర్మించారు. మంగుళూరు వద్ద నీటి మీద తేలే బార్జి పైన విద్యుత్కేంద్రం పెట్టారు. రాజమండ్రి దగ్గర వేమగిరిలో గ్యాసు కేంద్రం కట్టారు.

తరువాత విమానాశ్రయాలు. 2004 డిసెంబరులో శంషాబాదు ఒప్పందం కుదిరింది. మలేసియా విమానాశ్రయాల సంస్థ భాగస్వామి. కేంద్రానికీ రాష్ట్రానికీ చెరి 13 శాతం వాటా. సుమారు 5,500 ఎకరాలు. 2006లో ఢిల్లీ విమానాశ్రయం నిర్వహణ దక్కింది, ఆదాయంలో 45.99 శాతం ప్రభుత్వ సంస్థకు ఇస్తామన్న షరతు మీద. వంద రూపాయలు వస్తే నలభయ్యారు అవతలివారికి ముందే తీసి ఇవ్వాలన్నమాట. ఖర్చులూ అప్పులూ వడ్డీలూ మిగిలిన యాభైనాలుగులోంచి. అలాంటి బేరానికి తలవూపడానికి ఎంత ధైర్యం కావాలో, ఎంత లెక్క తెలియాలో వ్యాపారం చేసినవారికే అర్థమవుతుంది.

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు మొదలుపెట్టింది. ఆ రోజుతో బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మాకు, అంటే నగరానికి ఈ ఈశాన్యపు కొసన ఉన్నవాళ్లకు, అది కొంచెం బాధే. సికింద్రాబాదు దాటితే వచ్చే బేగంపేట పోయి, ఊరికి అవతలి కొసన ఉన్న శంషాబాదు వచ్చింది. అయితే మొదటిసారి అక్కడ అడుగుపెట్టినప్పుడు నాన్నగారు గోడలనూ కప్పునూ చాలాసేపు చూసి, "మనవాళ్లే కట్టారా ఇది?" అన్నారు. ఆ మాటలో ఆశ్చర్యముంది, గర్వముంది, కొంత అనుమానమూ ఉంది.

* * *

ఇక క్రికెట్టు. 2008 జనవరి 24న ముంబయిలో ఐ.పి.ఎల్. జట్ల వేలం జరిగింది. పైన చెప్పిన తేదీ జ్ఞాపకముందా? బొబ్బిలి యుద్ధం జరిగి సరిగ్గా 251 ఏళ్లయిన రోజున రాజాం మనిషి ఢిల్లీని గెలుచుకున్నాడు, ఒక్క చుక్క నెత్తురు లేకుండా, 8 కోట్ల 40 లక్షల డాలర్లకు. అప్పటి మారకపు ధరలో దాదాపు 330 కోట్ల రూపాయలు. పదేళ్లలో వాయిదాలుగా కట్టాలి.

కనీస ధర 5 కోట్ల డాలర్లు. ఆ రోజు ఎవరు ఎంతకు పాడారో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ముంబయి 11.19 కోట్ల డాలర్లు, బెంగళూరు 11.16, హైదరాబాదు 10.70, చెన్నై 9.10, ఢిల్లీ 8.40, మొహాలీ 7.60, కోల్‌కతా 7.51, జైపూర్ 6.70. హైదరాబాదును దక్కన్ క్రానికల్ పత్రిక సంస్థ దక్కించుకుంది. అంటే రాజధాని ఢిల్లీ కన్నా హైదరాబాదుకు 2 కోట్ల 30 లక్షల డాలర్లు ఎక్కువ పలికింది. బెంగళూరును కొన్నవారు మాల్యా గారు. ఒకప్పుడు ఉత్తరాంధ్ర బీరు ఫ్యాక్టరీని అమ్మినవారూ కొన్నవారూ ఇప్పుడు ఒకే వేలంలో చెరొక జట్టుకు యజమానులై కూర్చున్నారు.

జి.ఎం.ఆర్. వారికి హైదరాబాదులో విమానాశ్రయముంది, ఢిల్లీలోనూ ఉంది. ఢిల్లీ జట్టును ఎందుకు ఎంచుకున్నారన్నదానికి నాకు తోచే కారణం ఒకటే. అప్పటికి ఢిల్లీలో వారు పరాయివారు. ఎక్కడో దక్షిణాది నుంచి వచ్చి రాజధాని విమానాశ్రయాన్ని తీసుకున్న కంపెనీ. ఊరివాళ్లలో కలవాలంటే ఆ ఊరి పేరు చొక్కా మీద రాసుకోవడాన్ని మించిన మార్గమేముంది? ఇంట గెలిచి రచ్చ గెలవమంటుంది సామెత. ఈయన రచ్చలో గెలవడానికి రచ్చ జట్టునే కొన్నారు. జట్టు బాధ్యతలను చిన్న కుమారుడు కిరణ్ కుమార్ చూసుకున్నారు.

సొంత క్రికెట్ జట్టు ఉండడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. విజయనగరం రాజవంశంలో రెండో కుమారుడైన విజ్జీ 1930–31లో ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌నూ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ పిలిపించి తన జట్టులో ఆడించాడు. ఆ జట్టుతో దేశమంతా, సింహళం కూడా తిరిగాడు. 1936లో భారత జట్టుకే నాయకుడై, ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపి, చెడ్డపేరు తెచ్చుకున్నాడు. విజ్జీకి జట్టు ఒక అలంకారం, తాతలనాటి సొమ్ముతో కొన్నది. ఎనభై ఏళ్ల తరువాత పొరుగూరి నార వ్యాపారి ఇంటి కుర్రవాడు కొన్న జట్టు వేరు. అది లెక్కల పుస్తకంలోని ఒక పద్దు. ఆ పద్దు కింద లాభనష్టాలు రాసుకోవాలి.

* * *

జట్టును వ్యాపారంగా నడిపే పద్ధతి అమెరికావాళ్లది. ఐ.పి.ఎల్.కు నమూనా అక్కడి లీగులే. అందులోనూ బేస్‌బాల్ అన్నిటికన్నా పాతది. అక్కడి ఒక యజమాని కథ ఇక్కడ చెప్పడం అవసరం.

మల్లికార్జునరావు గారు పుట్టిన 1950లోనే, అమెరికాలోని కాన్సస్ సిటీలో యూయింగ్ మారియన్ కాఫ్‌మన్ అనే మందుల కంపెనీ సేల్స్‌మాన్ ఉద్యోగం మానేసి, 5,000 డాలర్లతో తన ఇంటి నేలమాళిగలో మారియన్ ల్యాబొరేటరీస్ అనే సంస్థను ప్రారంభించాడు. మధ్య పేరు ఎందుకు పెట్టాడంటే, కాఫ్‌మన్ అని పెడితే ఒంటరి మనిషి నడిపే దుకాణమని తెలిసిపోతుందని. ఆ కంపెనీ పెరిగి పెద్దదైంది. అదే సమయంలో ఆ ఊరికి ఒక అవమానం జరిగింది. ఊరి బేస్‌బాల్ జట్టు అథ్లెటిక్స్‌ను దాని యజమాని 1967 సీజను కాగానే ఓక్లండ్‌కు తరలించుకుపోయాడు. జట్టు ఆయనది, ఊరిది కాదు. అడిగేవారెవరు? అప్పుడు కాఫ్‌మన్ ముందుకొచ్చి కొత్త జట్టుకు హక్కులు కొన్నాడు. 1969లో కాన్సస్ సిటీ రాయల్స్ ఆట మొదలుపెట్టింది. 1985లో వరల్డ్ సిరీస్ గెలిచింది.

ఆయన గొప్పతనం గెలుపులో లేదు. 1993లో చనిపోయేముందు ఒక ఏర్పాటు చేశాడు. తన తరువాత జట్టు స్థానిక ధర్మసంస్థ చేతిలో ఉండాలి. ఊళ్లోనే ఉంచుతామన్నవారికే అమ్మాలి. వచ్చిన సొమ్ము ఊరి మంచి పనులకు పోవాలి. 2000లో 9 కోట్ల 60 లక్షల డాలర్లకు అమ్మారు. జట్టు కదల్లేదు. ఒకసారి జట్టును పోగొట్టుకున్న ఊరికి రెండోసారి ఆ దుఃఖం రాకుండా చూసుకున్న యజమాని ఆయన.

ఈ కథ చదివినప్పుడు నాకు ఉప్పల్ గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

* * *

2008లో దక్కన్ చార్జర్స్ అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు ఎన్నికల వల్ల పోటీలు దక్షిణాఫ్రికాకు మారాయి. ఢిల్లీ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. 2009 మే 22న సెంచూరియన్‌లో సెమీఫైనల్ ఢిల్లీకీ, దక్కన్‌కూ మధ్యనే. గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 పరుగులు కొట్టి ఢిల్లీని ఇంటికి పంపాడు. ఉప్పల్ బాకీ తీరింది. రెండు రోజుల తరువాత జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి దక్కన్ విజేత అయింది. ఆ రాత్రి మా వీధిలో టపాకాయలు కాల్చారు. నాన్నగారు నిద్రమానుకుని చూశారు.

ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. 2010లో తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వల్ల చార్జర్స్ తన సొంత పోటీలను నాగపూర్, కటక్, ముంబయిలలో ఆడుకుంది. యాజమాన్య సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ జట్టు ఒప్పందాన్ని రద్దుచేసింది. విజేతగా నిలిచిన మూడేళ్లకే జట్టు లేకుండాపోయింది. హైదరాబాదు పేరు మాత్రం మిగిలింది. చెన్నైకి చెందిన సన్ టీవీ వారు ఏడాదికి 85.05 కోట్లకు కొత్త జట్టును పాడుకుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టారు. పాత యజమానులకు సుమారు 4,800 కోట్ల పరిహారం ఇవ్వాలని 2020లో మధ్యవర్తి తీర్పు చెబితే, 2021లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2016లో సన్‌రైజర్స్ గెలిచినప్పుడు కూడా మా వీధిలో టపాకాయలు కాల్చారు. కానీ నాన్నగారు, "ఇది ఆ జట్టు కాదుగా" అన్నారు.

ఢిల్లీ సంగతి మరోలా నడిచింది. 2011లో ఆఖరు, 2012లో పట్టికలో మొదటిస్థానం, 2013, 2014లలో మళ్లీ ఆఖరు. 2008లో అండర్-19 ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు తమ ఊరి పిల్లవాడు విరాట్ కోహ్లిని వదిలి, ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకున్న జట్టు అది. 2015లో యువరాజ్ సింగ్‌కు 16 కోట్లు పెట్టిన జట్టూ అదే. విమానాశ్రయాన్ని 37 నెలల్లో కట్టగలిగినవారికి పదకొండుమంది ఆటగాళ్లను కట్టలుగా కట్టడం చేతకాలేదు. సిమెంటు చెప్పినట్టు వింటుంది, బంతి వినదు.

* * *

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను కూడా ఒకప్పుడు వ్యాపారం చేశాను. చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించేవాణ్ణి. ఆరుగురు పనివాళ్లు. ఒక బ్యాంకులో ఆరు లక్షల అప్పు. రాగి ధర పెరిగింది, రావలసిన బిల్లులు ఆగాయి, వడ్డీ ఆగలేదు. 2003లో షెడ్డుకు తాళం వేశాను. నాన్నగారు తన ప్రావిడెంట్ ఫండు సొమ్ములోంచి ఆ అప్పు తీర్చారు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

అందుచేత 2012 తరువాత జి.ఎం.ఆర్. అప్పుల వార్తలు వస్తున్నప్పుడు ఇతరులకన్నా శ్రద్ధగా చదివాను. సంస్థ మొత్తం అప్పు 40 వేల కోట్ల రూపాయలు దాటింది. కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాసు అడుగంటి రాజమండ్రి వైపు విద్యుత్కేంద్రాలు నిలిచిపోయాయి. 2012 నవంబరులో మాల్దీవుల ప్రభుత్వం మాలె విమానాశ్రయం ఒప్పందాన్ని రద్దుచేసి వెళ్లిపొమ్మంది. 2014లో సుప్రీంకోర్టు బొగ్గు గనుల కేటాయింపులను కొట్టివేసింది. అన్నీ ఒక్కసారే. అప్పు నిప్పు అంటారు. ఇంత నిప్పులో ఎవరైనా మిగులుతారా అనుకున్నాను.

ఆయన మిగిలారు. ఎలాగంటే, అమ్మి. ఇస్తాంబుల్ విమానాశ్రయంలో వాటాను 2014లో మలేసియా వారికి అమ్మారు. మాలె విషయంలో మధ్యవర్తుల ముందు పోరాడి 2016లో 27 కోట్ల డాలర్ల పరిహారం రాబట్టారు. 2020లో విమానాశ్రయాల వ్యాపారంలో 49 శాతం ఫ్రాన్సుకు చెందిన ఏ.డి.పి. సంస్థకు 10,780 కోట్లకు ఇచ్చారు. ఈ వరుసలోనే 2018 మార్చిలో ఢిల్లీ జట్టులో సగం వాటాను జిందాల్‌ల జె.ఎస్.డబ్ల్యు. సంస్థకు 550 కోట్లకు అమ్మారు. పదేళ్లలో ఒక్క కప్పు గెలవని జట్టు. 330 కోట్లకు పాడినదాని విలువ 1,100 కోట్లయింది! ఆటలో ఓడిన జట్టు ఖాతా పుస్తకంలో గెలిచింది. ఆ ఏడాది చివర దాని పేరు ఢిల్లీ క్యాపిటల్స్‌గా మారింది. 2020 నవంబరు 10న దుబాయిలో మొదటిసారి ఫైనలు ఆడి ముంబయి చేతిలో ఓడింది.

నా షెడ్డుకూ, ఆయన సంస్థకూ పోలిక తేవడం హాస్యాస్పదమని తెలుసు. అయినా ఒక తేడా స్పష్టంగా కనబడుతుంది. 2001లో ఒకాయన నా మెషీన్లు మంచి ధరకు అడిగాడు. నేను కాదన్నాను. కన్నబిడ్డలా చూసుకున్నదాన్ని ఎలా ఇస్తానన్నాను. రెండేళ్ల తరువాత తుక్కు ధరకు పోయాయి. స్వయంకృషితో ఎదిగినవారిని చూసి మనం వారి కష్టాన్నీ సాహసాన్నీ పొగుడుతాం. వదులుకోవడమెలాగో వారికి తెలుసన్న సంగతి గమనించం.

ఇందులో చేదు కూడా ఉంది. పెద్ద సంస్థకు తేరుకునే వ్యవధి దొరుకుతుంది, చిన్న షెడ్డుకు దొరకదు. ఢిల్లీ విమానాశ్రయం విషయంలో ప్రయాణికుల నుంచి అభివృద్ధి రుసుము వసూలు చేయనివ్వడం వల్ల సంస్థకు అనుచిత లాభం కలిగిందని 2012లో కాగ్ తన నివేదికలో తప్పుపట్టింది. సంస్థ దాన్ని ఖండించింది. ఏది ఎంతవరకు నిజమన్నది నిపుణులు తేల్చాలి. ఆ రుసుములు మన జేబుల్లోంచి వెళ్లినవన్నది మాత్రం మనకు తెలుసు.

* * *

2011లో ఆయన తన వ్యక్తిగత వాటాలోంచి 1,540 కోట్ల రూపాయలను భార్య వరలక్ష్మి గారి పేరనున్న ఫౌండేషన్‌కు ఇస్తానని ప్రకటించారు. రాజాంలో 1997లో పెట్టిన ఇంజనీరింగ్ కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. ఇంటివారందరూ కలిసి ఒక కుటుంబ రాజ్యాంగం రాసుకుని సంతకాలు చేశారు. వ్యాపార కుటుంబాలు చీలిపోయేది డబ్బు లేక కాదు, ఒప్పందం లేక అన్న సత్యం గ్రహించినవారి పని అది.

క్రీడల మీద మోజు మాత్రం తగ్గలేదు. కబడ్డీలో యూపీ యోధా, ఖోఖోలో తెలుగు యోధాస్. పేరులో తెలుగున్న ఆ జట్టు 2022 ఫైనల్లో 46–45తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. మహిళల ఢిల్లీ జట్టు 2023, 2024, 2025లలో వరుసగా మూడు ఫైనళ్లు ఆడి మూడూ ఓడింది. 2025 ఫిబ్రవరిలో దుబాయి క్యాపిటల్స్ అక్కడి లీగు గెలిచింది. అమెరికాలో సియాటిల్ జట్టులో, హైదరాబాదులో చదువుకున్న సత్య నాదెళ్ల గారు సహ యజమాని. 2024లో ఇంగ్లండులోని హాంప్‌షైర్ కౌంటీ క్రికెట్‌ను కొని, ఒక ఇంగ్లీషు కౌంటీకి తొలి విదేశీ యజమానులయ్యారు. 1863లో పుట్టిన క్లబ్బు అది. ఒకనాడు దొరలు జనపనార మిల్లులు పెట్టి మన గోగునార కొన్నారు. ఇవాళ గోగునార ఊరివారు దొరల క్రికెట్ క్లబ్బు కొన్నారు.

ఆ వార్త నేను చదివే సమయానికి నాన్నగారు లేరు. ఉంటే ఏమనేవారో ఊహించగలను. ఆయన దృష్టిలో గొప్పవాడంటే మా కాలనీకి పేరిచ్చిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, హోమీ భాభా వద్ద పనిచేసి, 1967లో ఇ.సి.ఐ.ఎల్.ను స్థాపించి, వేలమందికి అన్నం పెట్టిన మనిషి. ఆ సంస్థలో ఆయనకు ఒక్క వాటా లేదు. అమ్ముకోవడానికి ఏమీ లేదు, పేరు తప్ప. ఆ పేరు కూడా ఆయన పెట్టుకున్నది కాదు, ఉద్యోగులు తమ ఇళ్లకు పెట్టుకున్నారు.

"ఆయన కట్టాడు, తనదనలేదు. అందుకే మాదైంది" అనేవారు నాన్నగారు.

నేను పూర్తిగా ఒప్పుకోను. వాటా లేకుండా కట్టే మనుషులు తరానికొకరు పుడతారు. మిగిలిన లోకం యజమానులతోనే నడవాలి. అప్పు తెచ్చి, నిద్రచెడి, కొని, అమ్మి, మళ్లీ కట్టేవాళ్లు లేకపోతే శంషాబాదూ లేదు, జట్టూ లేదు. ఆ మాట నా షెడ్డు తాళం నాకు నేర్పింది. కానీ కాఫ్‌మన్ తన ఊరికి చేసిన ఏర్పాటు గుర్తొచ్చినప్పుడల్లా, నాన్నగారి మాట పూర్తిగా తప్పు కాదేమో అనిపిస్తుంది. కొన్నవాడు పోతూపోతూ ఊరికి అప్పగించిన రోజున గానీ జట్టు ఊరిది కాదు.

హైదరాబాదుకు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. ఉప్పల్‌లో పోటీ ఉన్న రోజున మా వీధి పిల్లలు నారింజరంగు చొక్కాలు వేసుకుని బయలుదేరుతుంటారు. యజమాని ఎవరో వాళ్లకు పట్టదు. మొన్న ఒక కుర్రవాణ్ణి ఆపి, దక్కన్ చార్జర్స్ తెలుసా నాయనా అని అడిగాను. "అదెక్కడి జట్టు అంకుల్?" అన్నాడు.

మనదే బాబూ, అన్నాను.